డాక్టరమ్మ గారు ఇచ్చిన కుక్కలు

పశువైద్యురాలిగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. సగం కడప జిల్లాలో, సగం కర్నూలు జిల్లాలో. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరే పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "మేడమ్, మీ అనుభవంతో ఏమన్నా చెప్పండి" అంటారు. అడ్డం తిరిగిన దూడను ఎలా సర్ది బయటికి తీయాలో చెప్పగలను. గొర్రెల మందను దూరం నుంచి చూసి, అందులో జబ్బుపడ్డది ఏదో చూపించగలను. అంతకుమించి ఈ ఉద్యోగం నాకేం నేర్పిందంటే తడబడతాను.

నా బదిలీలు, ప్రమోషన్లు, రిజిస్టర్లు ఎవరికీ పనికిరావు. వాటి జోలికి పోను. నాకు ఇప్పటికీ తేలని సంగతి ఒకటి ఉంది. దాన్ని రాస్తాను. తప్పు నాదేనని ముందే ఒప్పుకుంటున్నాను. అది ఎంత తప్పో, ఎక్కడ మొదలైందో మాత్రం సరిగ్గా చెప్పలేను.

మొదటి చావు

నా మొదటి పోస్టింగు మంగంపేట దగ్గర ఒక పల్లె. గనుల నుంచి ముగ్గురాయి మోసే లారీలు పోతుంటే, ఆ పొడికి రోడ్డు పక్క చెట్లన్నీ తెల్లగా ఉండేవి. చేరిన నెలలోనే ఒక రైతు పరుగెత్తుకుంటూ వచ్చాడు. పాలిచ్చే గేదె కడుపు ఉబ్బి, వణుకుతూ పడిపోయిందన్నాడు. నేను పోయేసరికి కొన ఊపిరితో ఉంది. ఉబ్బరానికి మందు పోశాను. గంటలో పోయింది. పాము కరిచి ఉంటుందని వాళ్ళే అన్నారు. నేనూ తలూపాను.

మరుసటి రోజు రెండో గేదె పడింది. ఈసారి మా పెద్ద డాక్టరు గారు వచ్చారు. ఆయన గేదె దగ్గరికి పోలేదు. నేరుగా కొట్టంలోకి పోయి, దాణా నానబెట్టిన తొట్టి వాసన చూసి, మూలనున్న సంచి ఎత్తి దులిపారు. యూరియా సంచి. ఇంటావిడ దాన్ని దులిపి, అందులో తవుడు పోసిపెట్టింది. కుట్ల దగ్గర ఇంకా తెల్ల పలుకులు ఉన్నాయి. పుల్లమజ్జిగ, వెనిగర్ కలిపి పట్టించి రెండోదాన్ని బతికించారు.

తిరిగి వస్తూ నాతో అన్నారు. "నువ్వు ఎనుమును చూసినావు. అది యాడ ఉండాదో చూడలేదు. ముందు ఇల్లు చూడమ్మా. రోగం సగం ఇంట్లోనే ఉంటాది."

ఆ మాట నేను తర్వాత పాతికేళ్ళు ఎందరికో చెప్పాను. శిక్షణకు వచ్చిన ప్రతి బ్యాచ్‌కీ చెప్పాను. చెప్పినంత సులువుగా పాటించలేదని తెలియడానికి చాలా కాలం పట్టింది.

సూది వేసేయమనేవాళ్ళు

కర్నూలుకు వచ్చాక నా పని మారింది. పొద్దున గొర్రెలు, బర్రెలు వచ్చేవి. సాయంత్రమైతే స్కూటర్ల మీద, కార్లలో చిన్న కుక్కలు. పామరేనియన్లు, పగ్‌లు, మొహం నిండా బొచ్చుండే షిట్జులు. మేం చదువుకున్న రోజుల్లో ఇలాంటివి పుస్తకంలో బొమ్మలు. పిల్లాడి పుట్టినరోజుకని కొనేవాళ్ళు, కరోనా రోజుల్లో పొద్దుపోక కొన్నవాళ్ళు, ఏడాది తిరగగానే వాటిని ఆసుపత్రికి తెచ్చేవాళ్ళు. బదిలీ అయిందనో, అత్తగారికి పడదనో, కొత్తింటి ఓనరు ఒప్పుకోడనో చెప్పేవాళ్ళు. చివరికి గొంతు తగ్గించి, "ఒక సూది వేసేయండి మేడమ్" అనేవాళ్ళు.

తోక ఊపుతూ నా చెయ్యి నాకే కుక్కను నేను చంపలేను. చంపకూడదు కూడా. వద్దంటే వాళ్ళు దాన్ని హైవే మీద వదిలేసి పోతారు. రెండు మూడు నెలలకోసారి అలా చచ్చిన కుక్కను మా అటెండరు బాషా చూసి వచ్చి చెప్పేవాడు. ఊళ్ళో వాటిని పెట్టుకునే చోటు ఏదీ లేదు.

అలాంటి ఒక సాయంత్రం సరస్వతమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమెకు అరవై దాటి ఉంటాయి. భర్తది పాతబస్తీలో స్టీలు సామాన్ల అంగడి. ఆయన పోయాక అంగడి మూసేసి, దాని పైనున్న ఇంట్లో ఒక్కతే ఉంటోంది. ఒళ్ళో తెల్ల పామరేనియన్, పేరు బుజ్జి. దువ్విన బొచ్చు, కత్తిరించిన గోళ్ళు. అంత శుభ్రంగా కుక్కను పెట్టుకున్నవాళ్ళను నేను తక్కువ చూశాను.

ఆ రోజు ఒక బ్యాంకు ఉద్యోగి తన కుక్కను నా బల్ల మీద వదిలేసి పోయాడు. నేను ఆమె వైపు చూశాను. "అక్కా, దీన్ని నాలుగు దినాలు పెట్టుకుంటారా?"

ఆమె ఆలోచించను కూడా లేదు. "ఇయ్యమ్మా. మా బుజ్జి తావ ఉంటాది లే."

నాలుగు దినాల తర్వాత ఆమె దాన్ని తిరిగి తేలేదు. నేను అడగలేదు. తర్వాత ఇంకొకటి, ఆపైన మరొకటి. "సరస్వతమ్మకు ఫోన్ చేయి బాషా" అనడం నాకు అలవాటైంది. బాషా ఆటోలో తీసుకుపోయి దించి వచ్చేవాడు. ఆమె ఒక్కసారి కూడా వద్దనలేదు. నాకు ఎంత ఊరటగా ఉండేదో చెప్పలేను. ఒక ప్రాణం కాపాడానని ఆ పూట హాయిగా భోంచేసేదాన్ని.

నేను పంపిన వాటిలో ఆడవీ ఉన్నాయి, మగవీ ఉన్నాయి. "ఒకసారి తీసుకురండక్కా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేద్దాం" అన్నాను. "తెస్తా లేమ్మా" అంది. తేలేదు. నేను గట్టిగా అడగలేదు. డాక్టరుగా అది పెద్ద తప్పు. ఎవరూ వేలెత్తి చూపకపోయినా నాకు తెలుసు.

రెండేళ్ళకు ఆమె కుక్కలను తేవడం మానేసింది. ఒక్కతే వచ్చి గజ్జికి మందు, కళ్ళలోకి చుక్కలు తీసుకుని పోయేది. చేతులు పగిలి ఉండేవి. చీర దగ్గర ఒక ఘాటైన వాసన. ఒంటరి మనిషి, వయసు మీద పడింది అనుకున్నాను. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ ఇంటి మెట్లెక్కలేదు. ఆసుపత్రి నుంచి అది పది నిమిషాల దారి.

షట్టరు ఎత్తిన రోజు

పాతబస్తీలో ఒక ఇంట్లో దుర్వాసన భరించలేకపోతున్నామని ఇరుగుపొరుగు ఫిర్యాదు చేశారు. మునిసిపాలిటీ వాళ్ళు, ఇద్దరు పోలీసులు, జంతువుల కోసం పనిచేసే ఒక సంఘం వాళ్ళు కలిసి పోతున్నారు. కుక్కల పరిస్థితి చూసి రిపోర్టు రాయడానికి డాక్టరు కావాలి. నన్ను పిలిచారు. కాగితం మీద డోర్ నంబరు, చనిపోయిన యజమాని పేరు ఉన్నాయి. నాకు ఏమీ తట్టలేదు.

జీపు సందులోకి తిరిగాక బాషా నా చెవి దగ్గరికి వంగాడు.

"మేడమ్, ఇది సరస్వతమ్మ గారి ఇల్లు. నేను కుక్కల్ని దించేది ఈడనే."

"లోపలికి పోయినావా ఎప్పుడన్నా?"

"లేదు మేడమ్. వాకిట్లోనే తీసుకుంటాండె. లోపలికి రానీదు."

సరస్వతమ్మ వాకిట్లో నిలబడి ఉంది. గొడవ చేయలేదు. తాళంచెవి తీసి తనే పోలీసు చేతిలో పెట్టింది. నన్ను చూసి, "రామ్మా" అంది, చుట్టానికి చెప్పినట్టు.

షట్టరు ఎత్తగానే ఆ ఘాటుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయితే నన్ను గాబరా పెట్టింది వాసన కాదు. ఆ నిశ్శబ్దం. చిన్న కుక్కలు ఆకు కదిలినా మొరుగుతాయి. ఇక్కడ ఒక్కటి కూడా మొరగలేదు. ఒకప్పుడు బిందెలు, గిన్నెలు పేర్చిన ఇనప ర్యాకుల్లో, అరల మీద కుక్కలు కూర్చుని ఉన్నాయి. కింది అరల్లో నాలుగైదు, పై అరల్లో రెండేసి. వెలుతురు పడేసరికి వెనక్కి జరిగాయి. బొచ్చు జడలు కట్టి ఏది తలో ఏది తోకో తెలియలేదు. గోళ్ళు వంకర తిరిగి కాలి మెత్తల్లోకి దిగాయి. ఒకటి కింద పడుకుని నా చెప్పు వాసన చూసింది. దాని రెండు కళ్ళూ పోయాయి.

నలభై మూడు ఉన్నాయి, సగానికి పైగా ఆ ఇంట్లోనే పుట్టినవి. ఆమె అన్నింటినీ పేర్లతో పిలిచింది.

"ఇది లడ్డు. కుడి పక్క నమల్లేదు, పండ్లు పోయినాయి. ఈ పిల్ల చిన్ని, దీనికి ఉరుమంటే శానా భయం. అది మణి, మూడు దినాలాయె సరిగా తినక."

ప్రతి దాని రోగం ఆమెకు తెలుసు. ఒక్కదానికీ సరైన వైద్యం లేదు. ఈ రెండు మాటలూ ఒకే మనిషి గురించి ఎలా నిజమవుతాయో నాకు ఆ రోజు అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు.

సంఘం మనిషి ఒకామె నేల మీద నుంచి ఒక పళ్ళెం తీసింది. అంత మురికిలోనూ ఆ స్టీలు పళ్ళెం తళతళలాడుతోంది. ప్రతి కుక్క ముందూ ఒకటి ఉంది, అన్నీ తోమి పెట్టినవే. అంగట్లో పేర్లు కొట్టే మిషనుతో వాటి మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి. పెళ్ళిలో చదివించిన గిన్నెల మీద ఇచ్చినవాళ్ళ పేరు చెక్కిస్తాం కదా, అలాగే. ఆమె పైకి చదివింది.

"లడ్డు. డాక్టరమ్మ గారు ఇచ్చినది."

ఇంకొకటి తీసింది. "స్వీటీ. డాక్టరమ్మ గారు ఇచ్చినది."

పది, పన్నెండు పంపి ఉంటానని నా లెక్క. తర్వాత చూస్తే అలాంటి పళ్ళేలు పంతొమ్మిది తేలాయి. అందులో ఏడు గోడవారగా విడిగా పేర్చి ఉన్నాయి. వాటి కుక్కలు లేవు.

"ఎవరండీ ఈ డాక్టరమ్మ?" అని ఎస్సై సరస్వతమ్మను అడిగాడు.

ఆమె నా వైపు చూసింది. నేను నోరు తెరవాలి. తెరవలేదు. రాబోయే రిటైర్మెంటు, పైఅధికారులు, ఊళ్ళో పరువు, అన్నీ ఒక్కసారి అడ్డొచ్చాయి.

"ఆ యమ్మ యాడికో బదిలీ అయి పాయె లేప్పా" అంది సరస్వతమ్మ. అని, లడ్డును ఎత్తి నా చేతుల్లో పెట్టింది.

నన్ను కాపాడిందా, ఎత్తిపొడిచిందా? ఆ కుక్కను పట్టుకుని నిలబడి ఆమె ముఖం వెతికాను. ఏమీ దొరకలేదు.

ఓర్వకల్లు షెడ్డు

ఓర్వకల్లు అవతల, రాళ్ళ గుట్టల దగ్గర ఒక రైతు కోళ్ళ షెడ్డు ఖాళీగా ఉంటే సంఘం వాళ్ళు అడిగి తీసుకున్నారు. రెండు వ్యాన్లలో అన్నింటినీ అక్కడికి చేర్చాం. బొచ్చు గొరిగితే ఒక్కొక్కటీ సగానికి సగం తగ్గిపోయింది. లోపల ఎముకలు, పుళ్ళు, నెత్తురు తాగి ఉబ్బిన గోమార్లు. లడ్డు అని నేను మోసుకొచ్చిన కుక్క బరువంతా బొచ్చుదే.

షెడ్డు ముందు ఎండ పడే చోట మట్టి నేల ఉంది. వాటిని అక్కడ వదిలితే ఆనందంగా పరుగెడతాయని అందరం అనుకున్నాం. అవి నీడ అంచు దాకా వచ్చి ఆగిపోయాయి. మట్టి మీద కాలు పెట్టి, కాలినట్టు వెనక్కి తీసుకున్నాయి. పొద్దుగూకేదాకా అలాగే వరుసగా నిలబడ్డాయి. వాటిని విడిపించామా, ఉన్న ఇల్లు కూడా లాక్కున్నామా అని నాకు అనుమానం వచ్చింది. డాక్టరుగా నాకు జవాబు తెలుసు. అలాగే ఇంకో ఆరు నెలలు ఉంటే సగం చచ్చేవి. అయినా అనుమానం పోలేదు.

కొత్త గిన్నెల్లో తిండి పెడితే చాలావి ముట్టుకోలేదు. మూడో రోజు బాషా పోలీసులను బతిమాలి, ఆ స్టీలు పళ్ళేలు మూటగట్టుకుని తెచ్చాడు.

"దీంట్లో పెడితే తింటాయేమో చూద్దాం మేడమ్."

తిన్నాయి. నా పేరున్న పళ్ళేల్లో నేనే కలిపి పెట్టాను.

నాలుగు చనిపోయాయి. మిగిలినవాటికి, కోలుకున్నకొద్దీ, ఆపరేషన్లు చేశాం. ఆరేళ్ళ కిందట చేయాల్సిన పని అది. తర్వాత కర్నూలు, నంద్యాల, కడపల నుంచి అడిగినవాళ్ళకు ఇచ్చాం. ఈసారి ప్రతి ఇంటికీ నేను స్వయంగా పోయాను. కుక్క ఎక్కడ పడుకుంటుందో చూడనిదే ఇవ్వలేదు. కొందరు విసుక్కున్నారు. విసుక్కున్నవాళ్ళకు ఇవ్వలేదు. రెండు కళ్ళూ లేనిదాన్ని బాషా తన ఇంటికి తీసుకుపోయాడు. అది వాళ్ళింట్లో గడప దగ్గర కూర్చుని ఆటోల చప్పుడు వింటుంది.

రెండో కాగితం

రిపోర్టులో ప్రతి కుక్క స్థితీ రాశాను. అంతా నిజమే. ఆ రిపోర్టు సరస్వతమ్మ మీద కేసుకు ఆధారం. అవి ఆ ఇంటికి ఎలా చేరాయో రాయలేదు. సంతకం పెట్టే ముందు మా అధికారిని కలిసి ఉన్న సంగతి చెప్పాను.

ఆయన మంచివాడే. చెడ్డ ఉద్దేశం లేనివాడు. "నిన్ను అడిగింది కుక్కల ఆరోగ్యం గురించమ్మా. వాటి చరిత్ర ఎవరికి కావాలి? రిటైరయ్యే ముందు లేనిపోనివి తలకెత్తుకోవద్దు" అన్నారు.

సంతకం పెట్టి ఇచ్చేశాను. రెండు రోజులు మామూలుగానే తిరిగాను. మూడో రోజు షెడ్డులో పళ్ళెం కడుగుతుంటే నా బొటనవేలు ఆ అక్షరాల మీద పడింది. ఆమె నా కోసం అబద్ధమాడింది. నా నిజంతో ఆమె మీద కేసు నడుస్తుంది. చెయ్యి తుడుచుకుని, అక్కడే దాణా బస్తా మీద కాగితం పెట్టుకుని రాశాను. "పళ్ళేల మీద ఉన్న డాక్టరమ్మను నేనే. పంతొమ్మిది కుక్కలను నేను పంపాను. ఆపరేషన్ చేయకుండా పంపాను. ఇల్లు చూడకుండా పంపాను." ఎస్సై చేతికి ఇచ్చాను, ఒక నకలు మా ఆఫీసుకు పంపాను.

ఆఫీసులో గోలైంది. "దీన్ని నిన్నెవరు రాయమన్నారు?" అని అరిచారు. నన్ను పిలిచి విచారిస్తారని, ఏదో శిక్ష పడుతుందని ఎదురుచూశాను. ఏమీ జరగలేదు. ఇంకెప్పుడూ కుక్కలను పెట్టుకోనని సరస్వతమ్మ, ఆమెను చూసుకుంటానని ఆమె మరిది కొడుకు రాసిచ్చారు. కేసు అంతటితో ఆగింది. నా కాగితం వల్ల ఆగిందా, ఊరికే ఆగిందా ఎవరూ చెప్పలేదు. నన్ను ఎవరూ తిట్టలేదు, క్షమించలేదు. పూలదండ వేసి, శాలువా కప్పి ఇంటికి పంపించారు.

మీరు గుర్తుంచుకోవాల్సింది

వీధిలో కొందరు ఆమెను రాక్షసి అన్నారు. కొందరు పుణ్యాత్మురాలు అన్నారు. రెండూ నమ్మకండి. కాదనలేని మనిషి ఆమె. మీకు అలాంటి మనిషి ఎవరైనా దొరికితే, దొరికినందుకు సంతోషపడే ముందు భయపడండి. ఎవరికైనా ఒక ప్రాణిని అప్పగిస్తే, ఆపరేషన్ చేసి అప్పగించండి. నెల తిరక్కుండా ఆ ఇంటికి పోయి, లోపలికి నడిచి చూడండి. "తెస్తా లే" అన్నవాళ్ళు తేకపోతే మీరే పోండి. ఈ మాత్రం చెప్పగలను. ఆ మిగతాది, ఆమె ఎందుకు అలా చేసింది, నేను ఎందుకు అలా చేశాను అన్నది, చెప్పలేను.

కాఫీ

రిటైరైన రెండు నెలలకు గాని పోవడానికి ధైర్యం రాలేదు. అంగడికి సున్నం కొట్టించారు. ర్యాకులు తీసేశారు. మొదటిసారి ఆ మెట్లెక్కాను. పద్నాలుగు మెట్లు. ఆమె క్షీణించి ఉంటుందని, ఏడుస్తుందని మనసు గట్టి చేసుకుని పోయాను. ఆమె ఒళ్ళు చేసింది. చేతుల పగుళ్ళు మానాయి. కిటికీ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"రామ్మా, కూసో" అంది.

కాఫీ ఇచ్చింది. తాగాను. ఏ కుక్క ఎవరింట్లో ఉందో చెప్పాను. లడ్డు నంద్యాలలో ఒక టీచరమ్మ ఇంట్లో మెత్తటి అన్నం తింటోందని చెప్పాను. తలూపుతూ వింది.

"అక్కా, ఆ పొద్దు ఎస్సైతో అట్ల ఎందుకు చెప్పినారు?"

"నాకు తెలియదమ్మా. నీ ముగం చూస్తే అట్ల వచ్చేసింది నోటికి."

"నా మీద కోపం లేదా?"

ఆమె చిక్కుడుకాయ తుంచడం ఆపింది.

"ఉండాది" అంది. "ఎందుకు లేదు? నాకు వద్దనేది రాదు, చిన్నప్పటి నుంచి అంతే. ఇరవై అయినప్పుడే నా చేత కాలేదు. ఒక్కొక్కటి పోతాంటే పళ్ళెం కడిగి పక్కన పెడ్తాంటి. నువ్వు ఎప్పుడో ఒక దినం వస్తావు, చూస్తావు, ఇంగ సాలక్కా అంటావు అని శానా ఎదురుచూస్తి. నువ్వు డాక్టరువు గదా, చూస్తే నీకు తెలుస్తాదనుకుంటి. ఆటో వచ్చినప్పుడల్లా నువ్వొచ్చినావేమో అని వంగి చూస్తాంటి. బాషా దిగుతాండె, చేతిలో ఇంకొకటి."

తప్పయిందని చెప్పడానికి పోయినదాన్ని, ఆ మాట కూడా అప్పుడు చిన్నదిగా తోచింది. ఖాళీ గ్లాసు కింద పెట్టి లేచాను. ఆమె మెట్ల దాకా వచ్చింది.

"మళ్ళీ వచ్చేదా అక్కా?" అని అడిగాను.

సరస్వతమ్మ నా రెండు చేతుల వైపు చూసింది.

"రా" అంది. "ఒట్టి చేతులతో రా."